బస్సు పొడవు, బారెడు పొద్దు: వార్తల్లో వింత కొలతలు

2017 జులైలో అంటార్కిటికాలోని లార్సెన్-సి మంచు పలక నుంచి ఒక భారీ ముక్క విరిగి సముద్రంలోకి జారింది. దానికి ఏ-68 అని పేరు పెట్టారు. వైశాల్యం సుమారు 5,800 చదరపు కిలోమీటర్లు, బరువు దాదాపు లక్ష కోట్ల టన్నులు. ఈ అంకెలు అన్ని దేశాల పత్రికల్లోనూ ఒకటే. వాటి పక్కన వేసిన పోలిక మాత్రం దేశానికొకటి. బ్రిటన్ పాఠకులకు అది వేల్స్‌లో పావు వంతు. అమెరికన్లకు డెలావేర్ రాష్ట్రమంత. జర్మన్లకు సార్లాండ్‌కు రెండింతలు. ఇంకొందరికి లక్సెంబర్గ్‌కు రెట్టింపు. అదే ముక్కను రాయలసీమ పాఠకుడికి చూపాలంటే ఉమ్మడి అనంతపురం జిల్లాలో మూడో వంతుకు కాస్త తక్కువ అనాలి.

మీటరు, కిలో, లీటరు లాంటి ప్రామాణిక కొలతలకు బదులుగానో, తోడుగానో పాఠకుడు ఎరిగిన వస్తువును, ప్రాణిని, ఊరిని కొలబద్దగా నిలపడం వార్తా రచనలో పాత అలవాటే. బస్సులు, ఈతకొలనులు, ఏనుగులు, ఫుట్‌బాల్ మైదానాలు ఈ కోవలో బాగా వాడుకలో ఉన్నవి. కొన్ని పోలికలు అవసరం కొద్దీ పుట్టాయి. కొన్ని సరదాకు పుట్టి స్థిరపడ్డాయి. మరికొన్ని అధికారిక పత్రాల్లోకీ ఎక్కాయి.

మూర నుంచి టన్ను దాకా

ఈ అలవాటు పత్రికలకన్నా చాలా పాతది. బెత్తెడు, జాన, మూర, బార, నిలువు అన్నీ మనిషి ఒంటి నుంచి వచ్చిన కొలతలే. పిడికెడు, దోసెడు కూడా అంతే. పూలమ్మే ఆమె మల్లెదండను ఇవాళ్టికీ మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి మూర లెక్కన ఇస్తుంది. అమ్మే చెయ్యి మారితే మూర మారుతుందని కొనేవాళ్ళకూ తెలుసు, అయినా బేరం సాగుతుంది. సూర్యుడు ఎంత పైకొచ్చాడో చెప్పడానికి 'బారెడు పొద్దెక్కింది' అనే భాష మనది. కాలాన్ని ఆకాశం మీద చేతులు చాచి కొలిచే పద్ధతి అది. 'కూతవేటు దూరం' అంటే పిలిస్తే వినబడేంత దూరం. పోలీస్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో దొంగతనం జరిగిందని తెలుగు విలేకరి రాస్తే ఎన్ని మీటర్లని ఎవరూ అడగరు. వరద వార్తల్లో మోకాల్లోతు, నడుంలోతు, పీకల్లోతు అనే మూడు మాటలు సెంటీమీటర్లకన్నా ముందే ప్రమాదం తీవ్రతను పట్టిస్తాయి.

ఒకప్పటి పోలికే కాలక్రమంలో ప్రమాణంగా మారిన సందర్భాలూ ఉన్నాయి. ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనుగోలుదారులకు చెప్పడానికి జేమ్స్ వాట్ 'హార్స్ పవర్' లెక్క కట్టాడు. పొలంలో మోటారును రైతు ఇప్పటికీ '5 హెచ్‌పీ' అనే అంటాడు. ఇంట్లో ఏసీని 'ఒకటిన్నర టన్ను' అంటారు. అది ఏసీ బరువు కాదు. యంత్రాలు రాకముందు చల్లదనం మంచు గడ్డల రూపంలో అమ్ముడయ్యేది. అమెరికా లెక్కలో ఒక టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని లాగేసే సామర్థ్యమే ఒక టన్ను. కిలోవాట్లలో అది 3.5. మంచు గడ్డల వ్యాపారం పోయింది, కొలత మాత్రం గోడకు వేలాడుతూ మిగిలింది.

వేల్స్, బస్సు, ఫుట్‌బాల్ మైదానం

వార్తల కొలతల్లో బ్రిటన్‌ది ప్రత్యేక స్థానం. అక్కడి పత్రికలకు మూడు వస్తువులు ఎప్పుడూ చేతికందుతుంటాయి: పొడవుకు, ఎత్తుకు డబుల్ డెక్కర్ బస్సు, ఎత్తుకే మరొకటి నెల్సన్ స్తంభం, వైశాల్యానికి వేల్స్. లండన్‌లో పేరుపడ్డ రూట్‌మాస్టర్ బస్సు పొడవు 8.4 మీటర్లు, ఎత్తు 4.4 మీటర్లు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నెల్సన్ స్తంభం దాదాపు 52 మీటర్లు. వేల్స్ వైశాల్యం 20,779 చదరపు కిలోమీటర్లు. 19,130 చదరపు కిలోమీటర్ల ఉమ్మడి అనంతపురం జిల్లాకన్నా అది కొంచెమే పెద్దది.

అమెజాన్‌లో అడవి నరికినా, ఎక్కడో కార్చిచ్చు రేగినా 'వేల్స్ అంత' అనడం ఎంత సాధారణమైందంటే, వేల్స్ వాళ్ళే ఆ మాటను ఒక మంచి పనికి మలుచుకున్నారు. 2010లో 'సైజ్ ఆఫ్ వేల్స్' అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. విధ్వంసానికి కొలతగా వాడుతున్న తమ దేశాన్ని రక్షణకు కొలత చేయాలని, వేల్స్ అంత ఉష్ణమండల అడవిని, అంటే సుమారు 20 లక్షల హెక్టార్లను కాపాడాలని ఆ సంస్థ లక్ష్యం పెట్టుకుంది. 2007లో బ్రిటన్ సాంకేతిక వార్తా సంస్థ 'ది రిజిస్టర్' ఇలాంటి కొలతలన్నిటినీ చేర్చి సొంత ప్రమాణాల పట్టికే తయారుచేసింది. అందులో పొడవుకు ప్రమాణం 14 సెంటీమీటర్ల లింగ్విని, అంటే ఇటాలియన్ పాస్తా పోగు. చిన్న వైశాల్యానికి 'నానోవేల్స్', అంటే వేల్స్‌లో వంద కోట్లో వంతు. లెక్క వేస్తే అది 20.8 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో స్థలాలు అమ్మే భాషలో చెప్పాలంటే దాదాపు 25 గజాలు.

అడవుల నష్టానికి ఎక్కువగా వాడే కొలత ఫుట్‌బాల్ మైదానం. 2023లో ఉష్ణమండలంలో 37 లక్షల హెక్టార్ల ఆదిమ అడవి పోయిందని గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ లెక్క తేల్చింది. వార్తల్లో అది 'నిమిషానికి దాదాపు 10 ఫుట్‌బాల్ మైదానాలు' అయింది. ఈ పోలిక నిజమో కాదో పాఠకుడే సరిచూడవచ్చు. ఏడాదిలో నిమిషాలు 5,25,600. అంతర్జాతీయ మ్యాచ్‌ల మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే 7,140 చదరపు మీటర్లు. భాగిస్తే నిమిషానికి 9.9 మైదానాలు వస్తాయి. హెక్టార్ల లెక్క ఏడాది చివర ఒకసారి కనిపించే మొత్తం. మైదానాల లెక్కలో నష్టం కళ్ళముందే జరుగుతుంది, పాఠకుడు ఆ వాక్యం చదివేలోపే ఒక మైదానం పోయి ఉంటుంది.

అయితే 'ఫుట్‌బాల్' అన్న మాటకు అమెరికాలో అర్థం వేరు. అక్కడి మైదానం చివరి గోల్ ప్రాంతాలు కలుపుకున్నా 5,351 చదరపు మీటర్లే. ఒకే వార్త అట్లాంటిక్ దాటితే అంకె పావు వంతుకు పైగా మారిపోతుంది.

మన దేశంలో ఎత్తు అనగానే కుతుబ్ మినార్ గుర్తొస్తుంది. 2022 ఆగస్టు 28న నోయిడాలో జంట భవనాలను 3,700 కిలోల పేలుడు పదార్థంతో కూల్చినప్పుడు దాదాపు ప్రతి వార్తలోనూ 'కుతుబ్ మినార్‌ను మించిన ఎత్తు' అనే మాట కనిపించింది. మినార్ ఎత్తు సుమారు 73 మీటర్లు, ఆ భవనాల్లో పెద్దది 100 మీటర్లు దాటింది.

ఈతకొలను, సిడ్నీ రేవు, టీఎంసీ

నీటి వార్తల్లో ప్రపంచమంతా చెల్లే కొలత ఒలింపిక్ ఈతకొలను. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అనుకుంటే 25 లక్షల లీటర్లు. పొడవు, వెడల్పు స్థిరమే కానీ లోతు కొలనుకొక తీరు. 3 మీటర్ల లోతు తవ్వితే అదే కొలనులో 37.5 లక్షల లీటర్లు పడతాయి. ఆస్ట్రేలియా వాళ్ళు ఇంకా పెద్ద పాత్ర ఎంచుకున్నారు. సిడ్నీ హార్బర్‌లో పట్టే నీటిని 'సిడ్‌హార్బ్' అంటారు. సుమారు 500 గిగాలీటర్లు, అంటే 50,000 కోట్ల లీటర్లు. జలాశయాల నిల్వలు, వరదలు అక్కడి వార్తల్లో ఇన్ని సిడ్నీ రేవులని వస్తాయి.

తెలుగు పత్రికలకు ఈ పోలికల అవసరమే పడలేదు. కృష్ణా, గోదావరి పక్కన బతికే పాఠకుడికి నీటి కొలత టీఎంసీ. వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులకు అది పొట్టి పేరు. అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు. ఈతకొలనుల్లో చెబితే 11 వేలకు పైనే. సిడ్‌హార్బ్ ఒకటి దాదాపు 17.7 టీఎంసీలు. శ్రీశైలం పూర్తి నిల్వ 215.81 టీఎంసీలు, నాగార్జునసాగర్‌ది 312.05, ప్రకాశం బ్యారేజీది 3.07 అన్న అంకెలు ఆయకట్టు గ్రామాల్లో పరీక్షకు చదివినట్టు కంఠతా వస్తాయి.

ప్రవాహానికి క్యూసెక్కు. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. 11,574 క్యూసెక్కుల చొప్పున 24 గంటలు పారితే ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కుల వరద ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. అదే లక్ష క్యూసెక్కులను విదేశీ పత్రికల భాషలో చెబితే ప్రతి సెకనుకూ ఒక ఒలింపిక్ కొలను నిండి పొర్లడం. తెలుగు రైతుకు ఆ కొలను పోలికకన్నా 'సాగర్‌కు ఇన్‌ఫ్లో లక్ష క్యూసెక్కులు' అన్న శీర్షికలోనే ఎక్కువ అర్థం ఉంది. సాంకేతిక పదం కూడా వాడగా వాడగా ఇంటి మాటవుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. భద్రాచలంలో అయితే గోదావరి నీటిమట్టం అడుగులే కొలత. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందన్న గుర్తు ఆ పట్టణంలో ప్రతి వరదకూ కొలబద్ద. 2022 జులైలో 71.3 అడుగులకు చేరినప్పుడు ఊరంతా వేసుకున్న లెక్క ఆ 75.6కు ఇంకెంత దూరమని.

ఏనుగులు, పెంగ్విన్లు, గండశిలలు

బరువుకు ఏనుగు తిరుగులేని కొలత. 2017 జూన్ 5న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మార్క్-3 తొలిసారి ఉపగ్రహాన్ని మోసుకెళ్ళినప్పుడు, 640 టన్నుల ఆ రాకెట్ బరువు 200 ఎదిగిన ఏనుగులతో సమానమని వార్తలు వచ్చాయి. భాగిస్తే ఏనుగుకు 3.2 టన్నులు. ఆసియా ఏనుగు బరువుకు అది సబబైన అంకె.

అన్ని ఏనుగులూ ఇంత సజావుగా కుదరవు. 2023 ఫిబ్రవరి 15న అమెరికాలోని టెక్సస్‌లో ఒక ఉల్క పడింది. వాతావరణంలోకి రాకముందు దాని అడ్డుకొలత సుమారు 2 అడుగులు, బరువు సుమారు 1,000 పౌండ్లు అని నాసా అంచనా వేసింది. జెరూసలేం పోస్ట్ పత్రిక దాన్ని కోర్గీ కుక్క సైజులో, నాలుగు గున్న ఏనుగుల బరువుతో ఉన్న ఉల్కగా శీర్షికలో చెప్పింది. విడివిడిగా చూస్తే రెండూ తప్పు కాదు. 1,000 పౌండ్లంటే 454 కిలోలు, పుట్టిన ఏనుగు పిల్ల వంద కిలోలకు కాస్త పైన ఉంటుంది. కానీ కుక్కంత ఒంట్లో నాలుగు ఏనుగు పిల్లలను ఊహించుకోవడం పాఠకుడి వల్ల కాదు. అదే పత్రిక మరో గ్రహశకలాన్ని 22 ఎంపరర్ పెంగ్విన్లను వరసగా పేర్చినంత అని వర్ణించింది. పెంగ్విన్ల వరస పొడవు మాత్రమే చెబుతుంది. గ్రహశకలం వల్ల ముప్పు దాని ద్రవ్యరాశిని, వేగాన్ని బట్టి ఉంటుంది. అడ్డుకొలత రెండింతలైతే ఘనపరిమాణం ఎనిమిదింతలవుతుందన్న సంగతి ఆ వరసలో ఎక్కడా కనబడదు.

పోలికే అక్కర్లేని పోలికకు పేరుపడింది అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని సాన్ మిగెల్ కౌంటీ. 2020 జనవరిలో అక్కడి షెరిఫ్ కార్యాలయం హైవే 145 మీద రాయి పడిందని జనాన్ని హెచ్చరిస్తూ, చిన్న గండశిల సైజున్న పెద్ద గండశిల దారిని అడ్డుకుందని ట్వీట్ చేసింది. చిన్న కారు అని రాయాల్సిన చోట తొందరలో చిన్న గండశిల పడింది. ప్రపంచమంతా నవ్వుకుంది. రాయి ఫొటో కూడా ఉండటంతో డ్రైవర్లకు చేరాల్సిన సంగతీ చేరింది.

వడగళ్ళకు నాణేలు, బంతులు

వింత కొలతకు ప్రభుత్వ గుర్తింపు దొరికింది అమెరికా వాతావరణ శాఖలో. వడగళ్ళ వాన పడుతుంటే బయటికెళ్ళి టేపు పెట్టి కొలవడం ప్రమాదకరం, కాబట్టి చూసినవాళ్ళు తెలిసిన వస్తువుతో పోల్చి కబురు చెప్పే పట్టిక ఉంది. పావు అంగుళమైతే బఠాణీ గింజ. ముప్పావు అంగుళం పెన్నీ. ఒక అంగుళం క్వార్టర్ నాణెం. 1.75 అంగుళాలు గోల్ఫ్ బంతి. 2.75 అయితే బేస్‌బాల్. ఉరుముల వానను తీవ్రమైనదిగా ప్రకటించే హద్దును 2010లో పెన్నీ నుంచి క్వార్టర్‌కు పెంచారు. అదే ఏడాది జులై 23న సౌత్ డకోటాలోని వివియన్‌లో 8 అంగుళాల అడ్డుకొలత, దాదాపు 880 గ్రాముల బరువున్న వడగల్లు దొరికి అమెరికా రికార్డుకెక్కింది. ఆ పట్టికలోని బంతులేవీ దానికి సరిపోలేదు. ఇక్కడ పత్రికలు వడగళ్ళను నిమ్మకాయంత, కోడిగుడ్డంత అంటాయి. మామిడి తోటలో నష్టాన్ని ఊహించడానికి ఆ మాటలు చాలు.

పదవీకాలానికి కొలతలు

రాజకీయ విలేకరులు కాలాన్ని కూడా వదల్లేదు. 2017 జులైలో ఆంటొనీ స్కారముచ్చీ అమెరికా అధ్యక్ష భవనంలో సమాచార విభాగాధిపతిగా నియమితుడై 11 రోజులకే ఆ పదవి పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి 11 రోజులు ఒక 'స్కారముచ్చీ'. 2022 అక్టోబరులో బ్రిటన్ ప్రధాని లిజ్ ట్రస్ పాలన నిలిచే కాలాన్ని ది ఎకనమిస్ట్ పత్రిక లెట్యూస్ ఆకుకూర నిలవతో పోల్చింది. వెంటనే డైలీ స్టార్ పత్రిక నిజం లెట్యూస్‌నే కెమెరా ముందు పెట్టి, ప్రధాని ముందు వెళ్తుందా, ఆకు ముందు వాడుతుందా అని ప్రత్యక్ష ప్రసారం చేసింది. పదవి చేపట్టిన 45వ రోజున, అక్టోబరు 20న, ట్రస్ రాజీనామా ప్రకటించింది. ఆమె 4.1 స్కారముచ్చీలు నిలిచిందని స్కారముచ్చీయే లెక్క చెప్పాడు.

ఇరాక్ యుద్ధం నుంచి పుట్టింది 'ఫ్రీడ్‌మన్ యూనిట్'. వచ్చే ఆరు నెలలే కీలకమని కాలమిస్టు థామస్ ఫ్రీడ్‌మన్ ఏళ్ళ తరబడి పదేపదే రాయడాన్ని విమర్శకులు గమనించి, 2006లో ఆరు నెలల కాలానికి ఆయన పేరు పెట్టారు. గడువు ఎన్నిసార్లు జరిగిందో గుర్తుచేసే కొలత అది.

డబ్బు, ప్రమాదం

1981 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ట్రిలియన్ డాలర్లంటే ఎంతో చట్టసభకు వివరిస్తూ, వెయ్యి డాలర్ల నోట్లను పేర్చితే 67 మైళ్ళ ఎత్తవుతుందన్నాడు. నోటు మందంతో గుణించి చూస్తే లెక్క సరిపోతుంది. మన దగ్గర ఇంతకన్నా నేలబారు పోలిక పనిచేసింది. మంగళ్‌యాన్‌కు 450 కోట్ల రూపాయలు ఖర్చయింది, అది సుమారు 65 కోట్ల కిలోమీటర్లు ప్రయాణించింది. 2014 సెప్టెంబరులో న్యూయార్క్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ ఈ రెంటినీ కలిపి, అహ్మదాబాద్‌లో ఆటోకు కిలోమీటరుకు 10 రూపాయలైతే అంగారకుడికి 7 రూపాయలేనని చెప్పారు. రోజూ ఆటో ఎక్కేవాళ్ళకు అంతరిక్ష శాఖ బడ్జెట్ ఒక్క వాక్యంలో అర్థమైంది. దేశాల కరెన్సీల విలువను పోల్చడానికి ది ఎకనమిస్ట్ 1986 నుంచి మెక్‌డొనాల్డ్స్ బిగ్ మాక్ ధరను వాడుతోంది. భారత్‌లో మెక్‌డొనాల్డ్స్ గొడ్డుమాంసపు బర్గర్ అమ్మదు కాబట్టి మన లెక్కకు చికెన్ మహారాజా మాక్‌ను తీసుకున్నారు.

ప్రమాదాన్ని చెప్పే కొలతల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన ఉల్క శక్తి హిరోషిమా బాంబుకు దాదాపు 30 రెట్లని వార్తలు వచ్చాయి. శక్తి లెక్క నిజమే. అయితే ఆ పేలుడు సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో జరిగింది. ప్రధానంగా పగిలిన కిటికీ అద్దాల వల్ల దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. హిరోషిమా పేరు వినగానే మనసులో మెదిలే మంటలు, అణుధార్మికత, వేల శవాలు ఏ కిలోటన్నులోనూ ఇమడవు. అందుకే ఆ పేరును ఊరికే కొలతగా వాడటం పాఠకుడిని భయపెట్టడమే కాక, అక్కడ చనిపోయినవాళ్ళను చిన్నబుచ్చడం కూడా.

దీనికి ఎదురుగా ఉన్నది అరటిపండు. పొటాషియం వల్ల అరటిపండులో సహజంగానే కాస్త అణుధార్మికత ఉంటుంది. ఒక పండు తింటే 0.1 మైక్రోసీవర్ట్ అని లెక్కగట్టి, చిన్న మోతాదులను 'ఇన్ని అరటిపండ్లు' అని చెబుతారు. అనవసరపు భయం పోగొట్టడానికి ఇది పనికొస్తుంది. కాకపోతే ఎక్కువైన పొటాషియాన్ని ఒళ్ళు బయటికి పంపేస్తుంది, కాబట్టి అరటిపండ్ల మోతాదు నిజంగా పోగుపడదు. మరో పనికొచ్చే కొలత అమెరికాలోని 'వాఫిల్ హౌస్ సూచీ'. విపత్తు సహాయ సంస్థ ఫెమాకు అధిపతిగా పనిచేసిన క్రెయిగ్ ఫ్యూగేట్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. రాత్రీపగలూ తెరిచి ఉండే ఆ హోటల్‌లో తుపాను తర్వాత అన్ని వంటకాలూ దొరికితే ఆకుపచ్చ, కొన్నే దొరికితే పసుపు, హోటలే మూతపడితే ఎరుపు.

పోలిక ఎప్పుడు కుదురుతుంది

2016లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని నేరుగా పరీక్షించింది. వార్తల్లోని సంఖ్యల పక్కన తెలిసిన వస్తువుతో చిన్న పోలిక వాక్యం చేర్చితే, పాఠకులు ఆ సంఖ్యను మెరుగ్గా గుర్తుపెట్టుకున్నారు, తెలియని పరిమాణాలను మెరుగ్గా అంచనా వేశారు, తప్పుడు సంఖ్యలను మెరుగ్గా పట్టుకున్నారు. పోలిక అలంకారం కాదని, పాఠకుడి చేతికిచ్చిన పనిముట్టని ఆ ఫలితాలు చూపించాయి.

పనిముట్టు పనిచేయాలంటే ఎదుటివాడు దాన్ని చూసి ఉండాలి. వేల్స్ ఎంతో తెలియని పాఠకుడికి 'వేల్స్‌కు రెండింతలు' అని అనువదించి వేస్తే, తెలియని ఒక అంకెకు తెలియని ఒక దేశం తోడవుతుంది. అంతర్జాతీయ వార్తను తెలుగులోకి తెచ్చే డెస్క్ ఉపసంపాదకుడు అక్కడ జిల్లానో, జలాశయాన్నో నిలపాలి. ఆ జిల్లా కూడా ఏ కాలం నాటిదో చెప్పాలి. 2016 తర్వాత తెలంగాణలో, 2022 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల హద్దులు మారాయి కాబట్టి 'అనంతపురం అంత' అంటే పాత జిల్లానా, కొత్తదా అన్న ప్రశ్న వస్తుంది. అసలు అంకె పక్కనే ఉంటే ఏ పోలికనైనా పాఠకుడు సరిచూసుకోగలడు.

స్మూట్లు

సరదాగా పుట్టి నిలబడ్డ కొలతల్లో పెద్ద పేరు 'స్మూట్'ది. 1958 అక్టోబరులో ఎంఐటీ విద్యార్థి సంఘం కుర్రాళ్ళు ఆలివర్ స్మూట్ అనే కొత్త విద్యార్థిని బోస్టన్‌లోని హార్వర్డ్ వంతెన మీద మళ్ళీమళ్ళీ పడుకోబెట్టి, అతని పొడవుతో వంతెనను కొలిచారు. అతను 5 అడుగుల 7 అంగుళాలు, అంటే 1.70 మీటర్లు. వంతెన 364.4 స్మూట్లు, ఒక చెవి అటూ ఇటూ అని తేలింది. కాలిబాట మీద రంగుతో వేసిన గుర్తులను తర్వాతి బ్యాచ్‌లు తిరిగి పూస్తూ వచ్చాయి. వంతెన మీద ప్రమాదం జరిగితే చోటు చెప్పడానికి పోలీసులు ఆ గుర్తులనే వాడారు. స్మూట్ పెద్దయ్యాక అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థకు, ఆపైన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓకు అధ్యక్షత వహించాడు. 2011లో అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు అతని పేరును మాటగా చేర్చుకుంది. 1980ల చివర వంతెనను బాగుచేసినప్పుడు కాలిబాట పలకలను మామూలుగా వేసే 6 అడుగులకు బదులు 5 అడుగుల 7 అంగుళాల చొప్పున గీతలు తీసి పరిచారు.